పైకి చెబితేనే లెక్క

"టీ చల్లారిపోతోంది, టైలరమ్మా! ఇప్పుడే తాగుతావా, ఇవాళ కూడా ఫెయిలై వచ్చి తాగుతావా?"

కిటికీ పక్క కుర్చీలోంచి గురువుగారు అరిచాడు. ఊళ్ళోని లారీ డ్రైవర్లలో సగం మంది ఆయన శిష్యులే కనుక అందరికీ ఆయన గురువుగారు. భార్యను మాత్రం పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఊరంతా టైలరమ్మ అంటుంటే తనకు వేరే పిలుపెందుకని ఆయన ఉద్దేశం.

ఆయన లారీ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ బండిని ఆమె "నా సవతి" అని దెప్పేది. నాలుగేళ్ళ కిందట తోలి తోలి విసుగొచ్చిందని ఆయన ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఏడాదే ఆమె తుక్కు కొట్టులో పడి ఉన్న ఒక పాత లారీని కొని పెరట్లోకి తెచ్చింది. ఇంజను బాగుచేయించి, తుప్పు గీకి, రంగు వేసి, సీట్లకు తొడుగులు తనే కుట్టింది. "సవతిని చేజేతులా ఇంటికి తెచ్చుకుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఆయన విరగబడి నవ్వేవాడు.

ఆ లారీని ఒక్కసారైనా తనే రోడ్డెక్కించాలని ఆమె కోరిక. లైసెన్సు ఆఫీసుకు వెళ్ళి, "నేను కిరాయికి తోలను సార్, సరదాకే" అని చెప్పి చూసింది. "లైసెన్సు బండి బరువుకమ్మా, మీ సరదాకి కాదు" అన్నాడు అక్కడి అధికారి. తోలడం డ్రైవింగు స్కూల్లో నేర్చుకుంది. తోలేముందు లారీ చుట్టూ తిరిగి ఒక్కో భాగాన్నీ చూసే తనిఖీ పరీక్ష ఒకటుంది. అది మాత్రం, "ఇంట్లో గురువుని పెట్టుకుని బయట ఫీజు కడతావా?" అని మొగుడే నేర్పాడు. ఆ తనిఖీలోనే ఆమె రెండుసార్లు తప్పింది. వచ్చే నెలకు అరవై నిండుతాయి, ఆపైన కొత్తగా పెద్దబండి లైసెన్సు ఇవ్వరు. ఇవాళ పోతే ఇక పోయినట్టే.

"రెండుసార్లూ కాగితం మీద 'తనిఖీ అసంపూర్తి' అనే రాశారండీ. ఒక్క బోల్టు కూడా వదల్లేదు. మీరు చెప్పినట్టే పెదవి విప్పకుండా అన్నీ చూశాను" అంది ఆమె, గ్లాసు అందుకుంటూ.

"అలాగే చెయ్యి. నోరు మూసుకుని పని చూసుకో. వాగితే మార్కులు కోస్తారు."

మందుల షాపులో పనికి బయల్దేరుతున్న కూతురు ఫక్కున నవ్వింది.

"ఏమిటే?"

"ఏం లేదమ్మా, ఏదో గుర్తొచ్చింది."

గురువుగారు కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. "అద్దం మాత్రం తళతళలాడుతోంది. తోలడం రాకపోయినా మొహం చూసుకోవచ్చులే."

ఆమెకు చివుక్కుమంది. మొన్న గాలికి గేటు కొట్టుకుని లారీ పక్క అద్దం అడ్డంగా పగిలింది. పగిలినదాన్ని పట్టుకుని కూడా ఎత్తిపొడవాలా అనుకుని, మిగిలిన టీ వొలకబోసి బయల్దేరింది.

ఆఫీసు వరండా బెంచీ మీద ఆమె పక్కన పాలవ్యాను నడిపే ఆవిడ కూర్చుంది. కళ్ళు మూసుకుని మంత్రాలు చదువుతున్నట్టు గొణుగుతోంది. "ముందు టైరు, గాలి ఉంది, కోతలు లేవు, బాగుంది..."

"అదేమిటమ్మా, లోపల మాట్లాడితే మార్కులు పోతాయట కదా?" అంది టైలరమ్మ.

ఆవిడ కళ్ళు తెరిచింది. "ఎవరు చెప్పారు పిన్నీ? ప్రతి భాగాన్నీ చేత్తో తాకి, పేరు చెప్పి, ఎలా ఉందో పైకి అనాలి. మనసులో చూసుకుంటే ఆయనకేం తెలుస్తుంది? పైకి చెబితేనే లెక్క. ఇది మొదటిరోజే చెబుతారుగా!"

టైలరమ్మ లేచి నిలబడింది. కనీసం వందమంది డ్రైవర్లను ఈ పరీక్షకు తయారుచేసిన మనిషి తన మొగుడు. ఆయనకు తెలియదా? పొద్దున కూతురు నవ్విన నవ్వు ఇప్పుడు అర్థమైంది.

పిలుపు వచ్చింది. మొదటి మాట గొణిగినట్టు వచ్చింది. తర్వాత ఇక ఆగలేదు. టైర్లు, బ్రేకు గొట్టాలు, దీపాలు, పట్టీలు, అన్నింటినీ తాకింది, పేరు పెట్టి పిలిచింది. ముప్పై అయిదేళ్ళ కాపురంలో మధ్యలో ఎవరూ కసరకుండా ఆమె అరగంటసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

"పోయిన రెండుసార్లూ ఈ నోరు ఏమైందమ్మా?" అన్నాడు అధికారి ఆశ్చర్యంగా.

"ఇంట్లో మరిచిపోయి వచ్చాను సార్."

తోలడంలో ఆమెకు ఎప్పుడూ తడబాటు లేదు. మధ్యాహ్నానికి లైసెన్సు చేతికొచ్చింది.

ఇంటికొచ్చేసరికి కూతురు కూడా షాపునుంచి భోజనానికి వచ్చి ఉంది. టైలరమ్మ లైసెన్సు బల్ల మీద పెట్టింది. తండ్రీ కూతురూ దాని వంక చూశారు. శుభం అన్నవాళ్ళు లేరు.

"పైకి చెప్పాలని మీకు తెలియదా?"

"ఎప్పటి మాటో. మరిచిపోయాను" అన్నాడు గురువుగారు కిటికీవైపు తిరిగి.

"సరదాకే కదమ్మా" అంది కూతురు. "నాన్న మొదట్లోనే నాతో చెప్పారు. ఒకసారి ఫెయిలైతే నీ లారీ పిచ్చి వదులుతుందనుకున్నాం."

"రెండుసార్లు ఫెయిలయ్యాను. రెండుసార్లూ పక్కన కూర్చుని నా కళ్ళు తుడిచావు. తుడుస్తూ లోపల నవ్వుకున్నావా?"

కూతురు లేచి కంచాలు పెట్టబోయింది.

"దాన్నంటావేం?" గురువుగారు విరుచుకుపడ్డాడు. "నా సీట్లో నువ్వెక్కి ఊరేగితే నేను ఆడదానిలా కిటికీ పక్కన కూర్చుని చూడాలా? నా శిష్యుల ముందు నాకు తలవంపులు కాదూ? రెండు బొత్తాలు కుట్టుకునేదానివి, నీకెందుకు లారీ?"

ఆమె తాళాలు తీసుకుని పెరట్లోకి నడిచింది. ఇంజను మోగేసరికి చెప్పుల చప్పుడు వినిపించింది. ఇంజను చప్పుడుకి ఆ మనిషి ఇంట్లో ఉండలేడని ఆమెకు తెలుసు.

"నేనూ వస్తాను" అన్నాడు.

ఆమె ఇంజను ఆపి దిగింది. "తనిఖీ చెయ్యండి. చేత్తో తాకి, పైకి చెప్పండి."

"నాకు పరీక్షా?"

"ఎక్కాలంటే."

ఆయన పళ్ళు నూరుతూ మొదలుపెట్టాడు. చేతులు బండి మీద తడుముకుంటూ పోతుంటే మాటలు తడుముకోకుండా వచ్చాయి. అద్దం దగ్గర చట్రం పట్టుకుని, "శుభ్రంగా ఉంది, పగుళ్ళు లేవు, బాగుంది" అన్నాడు.

టైలరమ్మ అద్దంలోని పగులు వంకా, ఆయన వంకా చూసింది. పొద్దున ఆయన అన్నది ఎత్తిపొడుపు కాదు. అక్కడ పగులుందని ఆయనకు తెలియనే తెలియదు. నాలుగేళ్ళుగా కిటికీలోంచి తప్పులు పట్టిన మనిషి ఏమీ చూడటం లేదు.

"తప్పు. ఫెయిల్" అంది. ఆ మాట నాలుక మీద తియ్యగా అనిపించింది. "మళ్ళీ మొదటినుంచి."

ఆయన మళ్ళీ తిరిగాడు. మళ్ళీ అద్దం బాగుందన్నాడు.

"తప్పు. మళ్ళీ."

"అమ్మా, చాలమ్మా!" గుమ్మంలోంచి కూతురు ఏడుపు గొంతుతో అరిచింది.

"నీ సంగతి తిరిగొచ్చాక" అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.

మూడోసారి ఆయన ముందు టైరు దగ్గరే ఆగిపోయాడు. బింకం పోయి గొంతు తగ్గింది. "కనిపించడం లేదే. నాలుగేళ్ళ కిందట కంటి పరీక్షలో తప్పాను. విసుగొచ్చి మానలేదు, తీసేశారు. రోజురోజుకీ ఇంకా మసకేస్తోంది."

ఇంతకాలం పక్కలో పడుకుని ఈ సంగతి పట్టుకోలేకపోయానా అని ఆమెకు ఏడుపొచ్చింది. గెలిచిన సంతోషమంతా ఆవిరైపోయింది. ఆయన వేలు పట్టుకుని మెల్లగా అద్దం మీది పగులుపై పెట్టింది.

"ఇంకొకటి మిగిలింది" అంది. "అదీ పైకి చెబితేనే లెక్క."

ఆయన ఆ పగులును వేలితో ఈ కొస నుంచి ఆ కొసకు తడిమాడు.

"కావాలనే చెప్పాను. నోరు మూసుకోమని. నువ్వు ఫెయిలవ్వాలనే."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఎక్కండి."

ఆయన అలవాటుగా డ్రైవరు తలుపు పిడి పట్టుకున్నాడు. ఆమె తాళాలు పట్టుకుని పక్కనే నిలబడింది. కాసేపటికి ఆయన పిడి వదిలి, బండి ముందుభాగాన్ని తడుముకుంటూ, చుట్టూ తిరిగి అవతలి తలుపు దగ్గరికి వెళ్ళాడు.