కప్పు మీద పదిహేడు అతుకులు

వడగళ్ళు పడింది ఆదివారం మధ్యాహ్నం. సర్వేయరు వచ్చింది బుధవారం ఉదయం. ఈ రెండింటి మధ్య ఆ ఇంటి అమ్మాయి చేసిన పని వల్లే ఇంత కథ నడిచింది.

"కప్పు పగిలిందని ఇన్సూరెన్స్ ఆఫీసుకి ఫోన్ చేసింది మీరేనాండీ?" నిచ్చెన పైమెట్టు మీద నిలబడి అడిగాడతను.

"నేనే."

"ఎక్కడ పగిలింది?"

ఆమె అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. మెడలో కెమెరా, చేతిలో సుద్దముక్క, ముఖంలో అనుమానం.

"కళ్ళజోడు తెచ్చుకోలేదా?"

"కళ్ళు బాగానే ఉన్నాయి. రేకులూ బాగానే ఉన్నాయి. అదే నా బాధ."

ఆమె వృత్తి పుస్తకాల బైండింగు. చిరిగినది చిరిగినట్టు ఉంటే ఆమెకి అన్నం సయించదు. ఆదివారం పది నిమిషాల పాటు నిమ్మకాయలంత వడగళ్ళు పడ్డాక ఎక్కి చూస్తే, ముందుగది సిమెంటు రేకుల మీద పదిహేడు పగుళ్ళు కనపడ్డాయి. ఇంకొకరైతే పైన ఓ టార్పాలిన్ కప్పి ఊరుకునేవారు. ఆమె బూడిదరంగు రెక్సిన్ తీసి, ముక్కలు కోసి, పుస్తకం అట్టకి మడిచినట్టే అంచులు మడిచి, పగుళ్ళన్నిటినీ అతికించేసింది. పక్కన కూర్చుని చూసినా ఎక్కడ అతికించిందో తెలియదు.

"మాకు కావలసింది పగులు. ఫోటో తీయకుండానే మూసేస్తే నేనేం రాయను? ఆవిడ చెప్పారు కాబట్టి పగిలిందని రాయనా?"

"రాయండి. నేను అబద్ధం ఆడను."

"ఆ మాట అననివాళ్ళని నేనింతవరకు చూడలేదు."

ఆమెకి ఒళ్ళు మండింది. అతను మాత్రం సుద్దముక్కతో కొండవైపు చూపించాడు. "ఏటా వడగళ్ళు ఈ వరస ఇళ్ళ మీదే పడుతున్నాయి. ఇంకో మూడు వారాలు ఈ భయం ఉంటుంది. మళ్ళీ పడితే మీ అతుకులు ఆగవు. కొత్త రేకులు కావాలంటే వీటిని పీకి చూపించండి."

"పీకాక వానొస్తే? లోపల లైబ్రరీ వాళ్ళ పాత పుస్తకాలు రెండొందలున్నాయి. మీ కెమెరా అడ్డం పెడతారా?"

కింద వాకిట్లో కుర్చీ వేసుకున్న నాన్న తలెత్తాడు. "ఒక్కొక్కటే పీకి, ఫోటో తీసి, మళ్ళీ అతికిస్తే పోదా?"

"అది మా పద్ధతి కాదండీ."

"పద్ధతులు మనం పెట్టుకున్నవే కదా బాబూ. ఆ వడగళ్ళు వేసినవాడు ఏ పద్ధతి చూశాడు? నేను ప్రార్థనలో ఉన్నానని కూడా ఆగలేదు. ఎందుకాగలేదో అడుగుతూనే ఉన్నాను, ఇంకా జవాబు రాలేదు."

సర్వేయరు నవ్వాపుకోలేకపోయాడు. అలా ఒప్పుకున్నాడు.

మూడు రోజులు పట్టింది. రేకు మీద బరువు పడకుండా ఓ పొడవాటి చెక్క వేసి, దాని మీద ఇద్దరూ మోకాళ్ళ మీద జరిగేవారు. ఆమె అతుకు విప్పేది. అతను పగులు చుట్టూ సుద్దతో గుండ్రం గీసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసేవాడు. ఆమె మళ్ళీ జిగురు రాసేది.

"కొంచెం జరుగుతారా సుద్దముక్క సారూ, మీ నీడ జిగురు మీద పడుతోంది. ఆరదు."

"మీ కోపం తగిలితే ఆరుతుంది లెండి."

"ఫోటోలో నా చెయ్యి పడిందేమో చూసుకోండి."

"పడింది. ఆఫీసులో ఇదేం డ్యామేజీ అని అడుగుతారు. ఏం చెప్పమంటారు?"

ఆమె ముఖం తిప్పుకుంది, నవ్వు కనపడకూడదని.

తొమ్మిదో అతుకు విప్పినప్పుడు అతను తల అడ్డంగా ఊపాడు. "ఇది వడగళ్ళది కాదు. కొత్త పగులైతే అంచు తెల్లగా ఉంటుంది. ఇందులో నాచు పట్టింది చూడండి."

"అదీ కలిపేస్తే మీదేం పోతుంది?"

"నిద్ర."

ఆమె ఆ అతుకుకి జిగురు రెండుసార్లు రాసింది. సరదాకి అన్న మాటకి అంత సూటిగా జవాబు చెప్పే మనిషి మీద కోపం తెచ్చుకోవాలో, వద్దో తేలలేదు.

శుక్రవారం ఆఖరి అతుకు కూడా అయిపోయింది. అతను పగుళ్ళ లెక్క రాసుకున్న నోటుపుస్తకం మూశాడు.

"అయిపోయాయా?" అందామె.

"అయిపోయాయి."

"బాగా వెతికారా?"

ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు. అతను ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఉండవలసిన దానికన్నా కాస్త ఎక్కువసేపే ఉంది. మరుక్షణం, ఎవరో తరుముతున్నట్టు నిచ్చెన దిగి, "వస్తానండీ" అని వెళ్ళిపోయాడు.

సోమవారం అతని బదులు ఆఫీసు నుంచి ఓ పెద్దాయన పగుళ్ళు మళ్ళీ చూడడానికి వచ్చాడు.

"ఆ సార్ రాలేదేం?"

"రాడమ్మా. మీ ఫైలు తనకొద్దని రాసిచ్చేశాడు."

ఆమెకి కొత్త రేకుల సంగతి ఆ నిమిషంలో గుర్తుకే రాలేదు. "పాత పగులు కలపమన్నానని అలా చేశారా? నేనేదో సరదాకి అన్నానండీ. నన్ను అలాంటి మనిషిననుకున్నారా?"

పెద్దాయన జేబులోంచి కాయితం తీసి చదివాడు. "'ఈ ఇంటి విషయంలో నా చూపు నిష్పక్షపాతంగా ఉందని చెప్పలేను. దయచేసి వేరొకరిని పంపగలరు.' ఇదమ్మా రాసింది. నా సర్వీసులో ఇలాంటి ఉత్తరం చూడడం ఇదే మొదలు. ఇంతకీ నువ్వేమిచ్చావు వాడికి?"

"మంచినీళ్ళు."

"అంతేనా?"

"రెండుసార్లు."

కింద నాన్నకి దగ్గొచ్చింది.

పెద్దాయన సాయంత్రం దాకా ఒక్కో అతుకూ విప్పించి, చూసి, మళ్ళీ అతికించనిచ్చాడు. "పదహారు వడగళ్ళవి, ఒకటి పాతది. వాడు రాసిందే. ఒక్క గీత కూడా మార్చక్కర్లేదు. ఈసారి మందమైన రేకులు వేయించుకో. శనివారం ఫైలు మూసేస్తాను."

ఆయన వెళ్ళిన కాసేపటికి నాన్న పిలిచాడు. "అమ్మాయ్, ఎదురుగా ఎవరో నిలబడి మన కప్పు వైపే చూస్తున్నాడు."

ఆమె గేటు దాకా వెళ్ళింది. "లోపలికి రండి."

"ఫైలు మూసేదాకా రాకూడదండీ."

"మరిప్పుడెందుకొచ్చారు?"

"మబ్బు పట్టింది కదా. అతుకులెలా ఉన్నాయో చూద్దామని."

"అక్కణ్ణుంచి కనపడవు."

"తెలుసు."

ఆమె గేటు ఊచ పట్టుకుంది. "పాత పగులు సంగతి నేను సరదాకే అన్నాను."

"అదీ తెలుసు."

"మరి అలా పారిపోయారేం?"

అతను చెప్పుల వైపు చూసుకుంటూ చెప్పాడు. "బాగా వెతికారా అన్నారు చూడండి, అప్పుడు పద్దెనిమిదోది ఒకటి ఉంటే బాగుండుననిపించింది. లేని పగులు కావాలనిపించినవాడు ఆ రిపోర్టు మీద సంతకం పెట్టకూడదు."

ఆమె గేటు తీసుకుని రోడ్డు మీదికి వచ్చి అతని పక్కన నిలబడింది. చినుకులు మొదలయ్యాయి. ఈసారి ఉత్త నీళ్ళే, రాళ్ళు లేవు.

"తడుస్తున్నారు, లోపలికి రండర్రా" అన్నాడు నాన్న వాకిట్లోంచి.

"శనివారం దాకా ఈయన రాకూడదట నాన్నా."

నాన్న ఆకాశం వైపు చూశాడు, జవాబు వచ్చిందేమో అన్నట్టు. "అయితే శనివారమే రమ్మను. వాళ్ళ అమ్మానాన్నలనీ తీసుకురమ్మను. వాళ్ళ పేర్న ఏ ఫైలూ లేదుగా."

"విన్నారా?" అందామె.

"విన్నాను. ఆఫీసు పదింటికి తెరుస్తారు. పదీ ఐదుకల్లా వచ్చేస్తాను."

"ఆఫీసు నుంచి ఇక్కడికి ఇరవై నిమిషాలు పడుతుంది."

"ఫైలు మూసేది పెద్దాయన. మేము ముగ్గురం ఈ గేటు బయటే నిలబడి ఆయన ఫోన్ కోసం చూస్తుంటాం."