విజయశ్రీ కడుపునొప్పి

మధ్యాహ్నం అన్నం తింటుంటే అమ్మ ఫోన్ చేసింది. విజయశ్రీ నాన్న చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అమ్మా, ఎప్పుడొస్తవ్?"

"జర లేటయితది బిడ్డా. గీత ఇయ్యాల ఇడ్లీ తిన్నది తెలుసా! నేను తినిపిస్తేనే తింటది."

విజయశ్రీ ముఖం మాడ్చుకుంది. మళ్లీ గీతేనా!

వానలకు చెరువు పొంగి ఎన్నో కాలనీలు మునిగాయి. దిల్‌సుఖ్‌నగర్‌లోని మిషన్ ఆసుపత్రి నిండిపోయింది. అమ్మ సంధ్యారాణి నర్సింగ్ నేర్చుకున్నది అక్కడే. పెద్ద సిస్టర్ ఒక్క మాట అడగ్గానే, తను పనిచేసే క్లినిక్‌లో సెలవు పెట్టి సాయానికి వెళ్లింది. జీతం బత్తెం లేని పని అని నాన్న నవ్వాడే కానీ, రోజూ తన ఆటోలో తనే దింపి వస్తున్నాడు.

గీత వరద నీళ్లు తాగి జబ్బుపడ్డ పిల్ల. వాళ్లమ్మ కాలు విరిగి వేరే ఆసుపత్రిలో ఉంది. ఇంటికొచ్చాక కూడా అమ్మ నోట గీత మాటే. పైగా వస్తూనే, "ముట్టుకోకు, తానం చేసొస్త," అంటుంది. గీతనైతే ఒళ్లో కూర్చోబెట్టుకుంటుందట!

విజయశ్రీ కంచం పక్కకు నెట్టి పొట్ట పట్టుకుంది.

"డాడీ, కడుపుల నొస్తుంది!"

నిజానికి అది కడుపునొప్పి కాదు, కడుపుమంట. పాపం నాన్న శేఖర్‌కి ఏం తెలుసు? పరేషానై ఆటో తీశాడు. మన్సూరాబాద్‌లోని ఇంటి నుంచి ఆసుపత్రి దాకా హారన్ మోగుతూనే ఉంది.

అమ్మ చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చింది. నుదురు తాకి చూసింది. విజయశ్రీకి లోపల పండగే పండగ.

"మంచం ఖాళీ లేదే," అమ్మ కంగారుగా చుట్టూ చూసింది.

కిటికీ పక్క మంచం మీంచి ఒక బక్కపిల్ల దిగింది. "ఆంటీ, అక్కను ఈడ పండుకోబెట్టు. నాకు తక్కువైంది."

ఆ పిల్లే గీత. కాళ్లు వణుకుతుంటే వెళ్లి చాప మీద కూర్చుంది. విజయశ్రీ చూసింది. చూసి కూడా మంచమెక్కి పడుకుంది. అమ్మ పొట్ట నొక్కి చూస్తే, నొక్కిన చోటల్లా "అబ్బా" అంది.

సాయంత్రం గంట మోగింది. రోజూ ఆ వేళకు పెద్ద సిస్టర్ వార్డులోకి వచ్చి ఒక్కో రోగి పేరు పైకి చెబుతుంది. చెప్పగానే అందరూ ఆ మనిషి కోసం మొక్కుతారు. ఎవరి దేవుడికి వాళ్లు.

"సిస్టరమ్మా, ముందుగాల అక్క పేరు చెప్పు. కొత్తగ ఒచ్చింది, భయపడ్తది," అంది గీత.

"విజయశ్రీకి కడుపునొప్పి తగ్గాలి," అంది సిస్టర్.

పక్క మంచం మీద ఈరమ్మ అవ్వ, సెలైన్ సూది ఉన్న చెయ్యే ఎత్తి, "ఎల్లమ్మ తల్లీ, ఈ పిల్లను సల్లగ సూడు," అంది. గీత కళ్లు గట్టిగా మూసుకుని పెదాలు కదుపుతోంది. అమ్మ కళ్లు తుడుచుకుంది.

విజయశ్రీకి చచ్చేంత సిగ్గేసింది. జబ్బు పడ్డవాళ్లంతా ఏ జబ్బూ లేని తన కోసం మొక్కుతున్నారు! మంచం మీంచి దూకేసింది.

"నాకేం నొస్తలేదు! అబద్ధం చెప్పిన. అమ్మ గీతనే చూస్తుందని..."

వార్డంతా బిత్తరపోయింది. అమ్మ ముఖం ఎర్రబడింది. అంతలో ఈరమ్మ అవ్వ నవ్వింది.

"నొప్పి లేదా? మంచిదే పాయె. మా ఎల్లమ్మ ఎంత జల్ది ఇన్నది!"

అందరూ నవ్వారు, అమ్మ తప్ప. విజయశ్రీ గీతను చెయ్యి పట్టి లేపి, మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది. "నన్ను మాఫ్ చెయ్," అంది మెల్లగా.

నాన్న గుమ్మం దగ్గర నిలబడి పిలిచాడు. "ఇగ పోదాం రా. అమ్మ డ్యూటీ గూడ అయిపోయింది."

గీత మాత్రం అమ్మ చున్నీ పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

విజయశ్రీ అమ్మ వైపు చూసింది. అమ్మ పక్కన పడుకుని ఎన్నాళ్లైందో!

"నువ్వుండమ్మా," అంది. "గీత పండుకున్నంకనే రా."

నాన్న వేలు పట్టుకుని మెట్లు దిగింది. వెనక్కి తిరిగితే ఏడుపొస్తుందని, తిరగలేదు.