బార్లీ తిప్పే వేళ

"మీ మాల్ట్ బాగాలేదండీ," అన్నాడు రోవన్ పిట్, సంచిని షెడ్డు గుమ్మంలో దించుతూ.

లోపల నేలంతా తడి బార్లీ పరిచి ఉంది. దాన్ని చెక్క పారతో తిరగేస్తున్న అమ్మాయి తలెత్తలేదు. చేతిలో ఉన్న వరస చివరిదాకా పూర్తి చేసి, పారని గోడకి ఆనించి, అప్పుడు వచ్చింది. జుట్టులో రెండు గింజలు ఇరుక్కుని ఉన్నాయి.

"ఏం చేసింది పాపం, మా మాల్ట్?"

"బీరు పాడైంది. రుచి చూడండి."

అతను తెచ్చిన సీసా మూత తీసి ఆమె ఒక్క గుక్క నోట్లో పోసుకుంది. పక్కకి వెళ్ళి గడ్డిలో ఉమ్మేసి వచ్చింది.

"ఇది సలాడ్‌లోకి వెనిగర్‌లా బాగుంటుంది. పులియబెట్టిన బకెట్ మూత ఎన్నిసార్లు తీశారు?"

"పెద్దగా తియ్యలేదు."

"ఎన్నిసార్లు?"

"పొద్దున ఒకసారి. స్కూలు నుంచి వచ్చాక ఒకసారి. అన్నం తిన్నాక ఒక్కోరోజు."

"ఎన్నాళ్ళు?"

"పన్నెండు రోజులు."

"అంటే ముప్పైసార్లు మూత తీసి, ఊళ్ళో గాలంతా అందులోకి పోనిచ్చి, మాల్ట్ బాగాలేదని నా గుమ్మంలోకి వచ్చారు."

మూలన పెట్టె మీద కూర్చుని సంచులు కుడుతున్న పెద్దాయన కిసుక్కున నవ్వాడు. ఆమె తండ్రి కెల్విన్ గాస్. గొర్రెల మందని అమ్మేశాక ఉన్ని కత్తిరించే ఈ షెడ్డు ఖాళీగా పడి ఉంటే, నాలుగేళ్ళ క్రితం కూతురు మార్నీ నేలకి సిమెంటు వేయించి మాల్ట్ చెయ్యడం మొదలుపెట్టింది. తండ్రి పొలంలో పండిన బార్లీని రెండు రోజులు నానబెట్టి, నేల మీద పరిచి, మొలక రాగానే బట్టీలో ఆరబెడుతుంది. ఆ మాల్ట్‌ని రెండు చిన్న బ్రూవరీలు కొంటాయి. దీవికి ఈ కొస హోబార్ట్ నుంచి ఆ కొస లాన్‌సెస్టన్ దాకా గరాజుల్లో బీరు కాచుకునే జనమంతా కూడా ఇక్కడికే వస్తారు.

రోవన్ ఆ జనంలో కొత్తవాడు. ఓట్‌లాండ్స్ బడిలో సైన్సు టీచరు సెలవులో ఉంటే ఆ చోట్లో ఏడాదికని వచ్చాడు. అయిదేళ్ళలో అతనికిది ఆరో ఊరు.

"ఇంకో సంచి ఇస్తాను," అంది మార్నీ. "ఒక్కటే షరతు. పధ్నాలుగు రోజులు మూత ముట్టుకోకూడదు."

"మధ్యలో ఏమవుతోందో ఎలా తెలుస్తుంది?"

"తెలియదు. తెలియకుండానే అవుతుంది."

బీరు కాచిన మూడో రోజు సాయంత్రం అతను మళ్ళీ షెడ్డులో ప్రత్యక్షమయ్యాడు. బయట సన్నగా వాన పడుతోంది. చేతిలో సంచి లేదు, సీసా లేదు.

"ఇప్పుడేమైంది?"

"ఏం కాలేదు. ఇంట్లో ఉంటే మూత తీసేస్తానండీ. అందుకే ఇంట్లో ఉండకుండా వచ్చేశాను."

మార్నీ మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే పార తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"కింద ఉన్నది పైకి రావాలి. గాలి తగలాలి. ఇసక ఎత్తుతున్నట్టు ఎత్తకండి, అవి మొలకలు. నెమ్మదిగా."

అతనికి నెమ్మది రాదు. మూడు వరసలకే చెమటలు పట్టాయి. నాలుగో వరసలో తొందరపడి బూటుకాలు బార్లీలో వేసేశాడు.

"నువ్వు మనిషివా, ఎద్దువా?" అంది మార్నీ.

అనేశాక మళ్ళీ "మీరు"లోకి వెళ్ళడం ఇద్దరికీ అనవసరం అనిపించింది.

అప్పటినుంచి రోజూ వచ్చాడు. మొలకెత్తుతున్న బార్లీని ఎనిమిది గంటలకోసారి తిప్పాలి. లేకపోతే వేడెక్కుతుంది, వేళ్ళు ఒకదానికొకటి అల్లుకుపోతాయి. అందుకని మార్నీ ఎక్కడికీ వెళ్ళదు. ఆ సంగతి అతనికి ఒక వారం తర్వాత గానీ అర్థం కాలేదు.

"జోసీ అని నా స్నేహితురాలు, సముద్రం అవతల జీలాంగ్‌లో ఉంటుంది," అంది ఒకరోజు తిప్పుతూ. "దాని పెళ్ళికి వెళ్ళలేదు. బిడ్డ పుడితే వెళ్ళలేదు. హోబార్ట్ వెళ్ళినా బండిలోనే తిని వెనక్కి వస్తాను. నాలుగేళ్ళలో ఏడు గంటలకి మించి ఈ నేలని వదల్లేదు. నువ్వెన్ని ఊళ్ళు చూశావు?"

"ఇది కాక అయిదు. ఆల్బనీ, బర్క్, కెయిర్న్స్..."

"కెయిర్న్స్‌లో సముద్రం ఏ రంగులో ఉంటుంది?"

రోవన్ చెప్పబోయి ఆగాడు. ఎనిమిది నెలలు అక్కడున్నాడు. సముద్రానికి రెండు వీధుల అవతలే ఉన్నాడు. ఏ రంగో గుర్తు లేదు. అప్పటికే తర్వాతి ఊరి కోసం దరఖాస్తులు పెట్టుకుంటున్నాడు.

"నీలం అనుకుంటాను."

"అనుకుంటావా?" అంది ఆమె. ఆ మాటలో వెక్కిరింత లేదు. కోపం లాంటిది ఉంది. తనకి దొరకనిదాన్ని ఎవరో పారబోసుకుంటే వచ్చే కోపం.

పధ్నాలుగు రోజులు గడిచాయి. అతను మూత తియ్యలేదు. సీసాల్లో పోసి, గ్యాసు పట్టడానికి ఇంకో రెండు వారాలు ఆగాలని తెలిసి, షెడ్డు చుట్టూ నాలుగుసార్లు తిరిగి వచ్చాడు. చివరికి సెప్టెంబరు మధ్యలో ఒక ఆదివారం మధ్యాహ్నం గాస్ వాళ్ళ వంటింట్లో మొదటి సీసా తెరిచారు.

కెల్విన్ సగం గ్లాసు తాగి మీసం తుడుచుకున్నాడు. "మాస్టారూ, ఇది బీరే."

ఆయన నోట్లోంచి అంతకు మించిన మెప్పు ఎవరూ వినలేదు. మార్నీ గ్లాసుని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూసింది.

"రొట్టె పెంకు వాసన," అంది. "నేను చేసిందే. కానీ బకెట్‌లోకి వెళ్ళాక ఎలా ఉంటుందో కూర్చుని తాగి చూడడం ఇదే మొదలు."

అతని మోకాలు బల్ల కింద ఎప్పటిలాగే ఊగుతోంది. ఆమె చెయ్యి వచ్చి దాని మీద పడింది.

"ఆపు. గ్లాసులు కదులుతున్నాయి."

మోకాలు ఆగింది. గ్లాసులూ ఆగాయి. చెయ్యి మాత్రం కాసేపు అక్కడే ఉంది. కెల్విన్ కిటికీలోంచి చూస్తూ మబ్బుల గురించి ఏదో అన్నాడు, ఎవరూ వినలేదు.

ఆ వారమే జీలాంగ్ దగ్గరి బాలరాట్ నుంచి కబురొచ్చింది. నలభై ఏళ్ళుగా మాల్ట్ చేస్తున్న డోరీన్ అనే పెద్దావిడ, బట్టీ పని నేర్పిస్తాను, అయిదు రోజులు రమ్మంది. ఇంకెవరికీ నేర్పదట, ఈ ఏడాదితో ఆపేస్తోందట.

"కుదరదు," అంది మార్నీ. "నాన్న భుజానికి రోజుకి ఒక్కసారి తిప్పడమే ఎక్కువ."

"బడికి సెలవులేగా. మిగతా రెండుసార్లు నేను తిప్పుతాను."

"ఒక బకెట్‌ని పన్నెండు రోజులు వదిలిపెట్టలేనివాడివి."

"ఇక్కడ వదిలిపెట్టడం కాదు కదా పని. ముట్టుకోవడమే."

శనివారం మార్నీ తన బండిని డెవన్‌పోర్ట్ రేవులో ఫెర్రీ ఎక్కించింది. ఇంటి నుంచి బయల్దేరేముందు అతనికి ఒక కాగితం ఇచ్చింది. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు అతనివి. రాత్రి పది కెల్విన్‌ది. అడుగున, "గింజలకేమైనా అయితే తప్ప ఫోన్ చెయ్యకు" అని రాసి, కింద గీత గీసింది.

మొదటి రోజులు బాగానే గడిచాయి. గింజల కొసల్లో తెల్లటి వేళ్ళు వచ్చాయి. రోవన్ రెండింటికి రావాల్సినవాడు ఒంటిగంటకే వచ్చి గడియారం చూసుకునేవాడు. ఫోన్ తీసి, జేబులో పెట్టి, మళ్ళీ తీసేవాడు.

బుధవారం ఉత్తరం గాలి తిరిగింది. ఇక్కడ ఉత్తరం నుంచి వచ్చేది ఎడారి గాలి, వసంతంలో ఒక్కోరోజు అలా వేడిగా కొడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఫోన్ మోగింది. దేశం వాయవ్య మూలన ఉన్న బ్రూమ్ బడి నుంచి. జనవరి నుంచి ఉద్యోగం, ఇల్లు కూడా ఇస్తారట, శుక్రవారంలోగా చెప్పాలట. షెడ్డులో సిగ్నల్ అందక అతను బయటికి నడిచాడు. ఫోన్లో మాట్లాడుతుంటే అతని కాళ్ళు ఒకచోట నిలవవు. గేటు దాటాడు. రోడ్డెక్కాడు. అవతలి మనిషి ఊరి గురించి చెబుతూ పోయాడు, ఇతను నడుస్తూ పోయాడు. ఫోన్ పెట్టేసినా కాళ్ళు ఆగలేదు. వెళ్ళాలా, వద్దా అనుకుంటూ నడిచి నడిచి, నది వంతెన కనిపించాక టైము చూశాడు. నాలుగయింది.

పరుగెత్తుకుంటూ వచ్చేసరికి అయిదవుతోంది. ఉత్తరం గోడ పక్కన, తను పొద్దున మందంగా పరిచిన చోట, బార్లీ వేడిగా పొగలు కక్కుతోంది. పార దిగలేదు. వేళ్ళు అల్లుకుపోయి చాపలా లేచి వచ్చింది. దోసకాయ వాసన రావలసిన గింజలు పుల్లగా కంపు కొడుతున్నాయి.

తలుపులన్నీ తెరిచి, కెల్విన్ ఒక చేత్తో, తను రెండు చేతులతో, ఊపిరి సలపకుండా తిప్పారు. ఆ తర్వాత ఫోన్ చేశాడు.

"మార్నీ, నేను మధ్యాహ్నం తిప్పలేదు. ఫోన్లో మాట్లాడుతూ రోడ్డెక్కి చాలా దూరం వెళ్ళిపోయాను. తప్పు నాదే."

అవతల ఎక్కడో పసిబిడ్డ రాగం తీస్తోంది.

"ఎంత పోయింది?"

"నాలుగో వంతు."

"దాన్ని తీసి అవతల పారెయ్యి. మిగతాది పల్చగా పరిచి నాలుగు గంటలకోసారి తిప్పు. శుక్రవారం బట్టీలోకి పంపండి, నాన్నకి తెలుసు. నేను శుక్రవారం రావడం లేదు. ఆదివారం వస్తాను."

ఫోన్ పెట్టేసింది.

ఆదివారం దాకా రోవన్‌కి ఎలా గడిచిందో కెల్విన్‌ని అడగాలి. "కూర్చోండి మాస్టారూ," అని ఆయన పూటకి పదిసార్లు అన్నాడు. అతను కూర్చుంటే లేచేవాడు, లేస్తే గేటు దాకా వెళ్ళేవాడు. నా ముఖం చూడలేకే ఆగిపోయింది అనుకున్నాడు. అనుకున్నదాన్ని కెల్విన్‌తో అన్నాడు కూడా. కెల్విన్ ఇంకో సంచి తీసి కుట్టసాగాడు.

ఆదివారం పదింటికి బండి వచ్చి ఆగింది. మార్నీ తిన్నగా బట్టీ దగ్గరికి వెళ్ళింది. ఆరిన గింజని ఒకటి తీసి పంటి కింద పెట్టి పటుక్కున కొరికింది. ఇంకోటి కొరికింది.

"బాగుంది," అంది. "మిగిలింది బాగుంది."

"రెండు రోజులు ఎందుకు ఆగావు?"

"నువ్వు ఫోన్ చేసినప్పుడు జోసీ ఇంట్లో ఉన్నాను. రోజూ అక్కణ్ణించే డోరీన్ దగ్గరికి వెళ్ళేదాన్ని. నాలుగో వంతు పోయిందన్నావు. నాకు ఏడుపు రావాలి కదా, రాలేదు. నాలుగేళ్ళుగా నేను భయపడ్డది అదే. అది కాస్తా అయిపోయింది. అయినా జోసీ పాపాయికి పాలు కలపాలి, డోరీన్ రేపు ఆరింటికి రమ్మంది. ఇంతేనా అనిపించింది. అందుకే ఆగాను."

"నామీద కోపంతో కాదా?"

"కోపం ఉంది. అది వేరే."

"ఒక్కసారి ఫోన్ చేసి ఉండొచ్చుగా."

"నీ గొంతు వింటే వచ్చేసేదాన్ని," అంది మార్నీ, గింజల వైపు చూస్తూ.

రోవన్‌కి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"బ్రూమ్ సంగతి నాన్న ఫోన్లో చెప్పాడు. వాళ్ళకి ఏమన్నావు?"

"రానన్నాను."

"నన్నడగకుండా?"

"అడిగితే వెళ్ళమంటావు."

"అంటాను. రోవన్, నాకు వెళ్ళాలని ఉంది. అయిదు రోజులు కాదు, ఇంకా చాలా. నువ్వు చూడకుండా వదిలేసిన ఊళ్ళన్నీ చూడాలని ఉంది. నువ్వేమో ఇక్కడికొచ్చి కూర్చున్నావు."

"కూర్చోలేదు. మీ నాన్ననడుగు, బుధవారం నుంచి నిలబడే ఉన్నాను." అతను గేటు వైపు రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు. "నాకు ఉండాలని ఉన్నది ఈ ఊళ్ళో కాదు మార్నీ. నువ్వున్నచోట. నువ్వు కదిలితే ఆ చోటూ కదులుతుంది. కదలడం నాకు అలవాటే."

మార్నీ నానబెట్టే తొట్టి వైపు గబగబా నడిచింది. రేపటి బార్లీకి నీళ్ళు వదలాలి. వంగి చూస్తే కుళాయికి పిడి లేదు.

"నాన్నా, పిడి ఏది?"

కెల్విన్ పెట్టె మీంచి లేవలేదు. "నా జేబులో ఉంది."

"ఇవ్వు."

"వచ్చే ఆదివారం ఇస్తాను."

"బ్రూవరీ వాళ్ళు ఊరుకోరు."

"నిన్న ఇద్దరికీ ఫోన్ చేశాను. వారమే కదా, ఆగుతాం అన్నారు. ఎప్పుడడిగినా ఆగేవాళ్ళమే, మీ అమ్మాయి ఒక్కసారీ అడగలేదు అన్నారు." ఆయన రోవన్ వైపు తిరిగాడు. "మీ సెలవులు ఇంకో వారం ఉన్నాయి కదా మాస్టారూ. ఇన్నాళ్ళూ ఇది బార్లీని తిప్పింది. ఇక మీరు దీన్ని తిప్పండి."

మార్నీ ఖాళీ తొట్టి దగ్గర ఖాళీ చేతులతో నిలబడింది. బయటికి చూసింది. బండిలో ఆమె పెట్టె ఇంకా దించలేదు.

"ఉతికిన బట్టలు ఎన్ని జతలున్నాయి నీ దగ్గర?" అని అడిగింది రోవన్‌ని.

"రెండు."

"చాలు."

ఆ మాటంటూనే దగ్గరికి వచ్చి, అతని చొక్కా పట్టుకుని కిందికి లాగి, ముద్దు పెట్టుకుంది. కెల్విన్ కుళాయి పిడిని జేబులో ఇంకా లోతుకి తోసి, చూడడానికి ఒక్క గొర్రె కూడా లేని పొలం వైపు చాలా శ్రద్ధగా చూడసాగాడు.