కుడికి తిప్పితే మోత

పిచ్చుకకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తను డ్యూటీలో ఉన్నప్పుడు పాపని ఎవరి చేతుల్లో పెట్టి వచ్చిందో, ఆ చేతులు మంచివి కాకపోవడం. తుపాకీ గురిపెడితే ఆమెకి చెమట పట్టదు. పాప దగ్గితే పడుతుంది.

పిచ్చుక అన్నది కోడ్ నేమ్. అసలు పేరు ఆఫీసులో ఎవరూ పలకకూడదు, ఇంట్లో పాపకింకా పలకడం రాదు. పాపకి వచ్చినవి మూడే ముక్కలు: అమ్మ, అత్త, గూఁ.

గూఁ అంటే కారు. నెల రోజులుగా ఆఫీసు కారు ముందు చక్రం దగ్గర ఒకటే మోత. వేగం పెరిగేకొద్దీ ఆ మోత కూడా పెరుగుతుంది. పాప వెనక సీట్లో కూర్చుని దానితో శ్రుతి కలిపేది. కారు గూఁ అంటే పాప కూడా గూఁ.

ఆ ఉదయం డ్రై క్లీనింగ్ షాపు మేడ మీద, వేలాడే కోట్ల వెనక గదిలో బ్రీఫింగ్. చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన ఎప్పుడూ నిలబడే మాట్లాడతాడు.

"ఆపరేషన్ జోలపాట. ఈయన ఆనకట్ట ఇంజనీరు. గేట్లకి ఎలక్ట్రానిక్ తాళం చేసింది ఈయనే."

మూల కుర్చీలో బక్కపలచటి మనిషి లేచి నమస్కారం పెట్టి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఆ తాళంచెవి కోసం విదేశీ ముఠా ఒకటి ఊళ్ళో దిగింది. అది వాళ్ళ చేతికి చిక్కితే గేట్లన్నీ ఒకేసారి ఎత్తేస్తారు. దిగువ ఊళ్ళు మిగలవు. ఈయన కొండ అవతల కంట్రోల్ రూముకి చేరి కోడ్ మార్చేస్తే ఆ చెవి వట్టి ఇనప ముక్క. నువ్వు ఈయన్ని చేర్చాలి."

"చెవి ఎక్కడుంది సార్?"

"ఇక్కడే, నెమలి దగ్గర. మనిషినీ చెవినీ ఒకే కారులో పంపను."

కిటికీ పక్కన నెమలి నవ్వింది. నీలం కోటు, ఎత్తు మడమల చెప్పులు, పెదాలకి ఎర్ర రంగు. విందుల్లో శత్రువుల చేతనే తలుపులు తీయించిన మనిషి. పిచ్చుకకి స్వయానా వదిన. రెండేళ్ళ కిందట కారు లోయలో పడి అన్నయ్య చనిపోయాడు. రిపోర్టులో "చక్రం ఊడిపోయింది" అని రాశారు. అప్పటినుంచీ వదినా మరదళ్ళు ఒకరినొకరు పట్టుకుని బతుకుతున్నారు. పాప నాన్నది ఓడల మీద ఉద్యోగం, ఏడాదికోసారి వస్తాడు. పాపకి రోజూ కనిపించే రెండో మొహం అత్తదే.

"కవర్ స్టోరీ?" అంది పిచ్చుక.

"మొగుడూ పెళ్ళాం, చంటిపిల్ల. పిల్ల ఉన్న కారుని చెక్‌పోస్టులో ఎవడూ ఆపడు."

"పాపని తీసుకురాను."

"తెమ్మనలేదు తల్లీ." పెద్దాయన బల్ల కింద నుంచి ఒక బొమ్మ తీశాడు. పాపంత ఉంది, టోపీ కూడా పెట్టారు. "పొట్ట నొక్కితే వైర్‌లెస్. కొండ ఎక్కాక 'పాలు కాగాయి' అను. నెమలి ఇక్కడ వింటూ ఉంటుంది."

మెట్ల దగ్గర వదిన పాపని ఎత్తుకుని నిలబడింది. భుజాన పాల సంచి.

"దగ్గు మందు పట్టేశాలే. నువ్వు వెళ్ళు."

"కారు మోత వదినా?"

"నిన్ననే చక్రం బేరింగ్ మార్పించాగా, మన మనిషి దగ్గరే. ఇంకా కాస్త మూలిగిందంటే అది టైరు. నీకు ప్రతిదానికీ కంగారే." చెంప మీద తట్టింది. "ఆ కారు ఏదో ఒక రోజు చక్రం ఊడదీసుకుంటుందని పెద్దాయనతో పోట్లాడింది ఎవరనుకున్నావ్? నేనే."

నిజమే. వారం రోజులుగా ఆఫీసంతా చెప్పింది వదినే.

ఊరు దాటారు. పక్క సీట్లో ఇంజనీరు బొమ్మని ఒళ్ళో పెట్టుకుని జో కొడుతున్నాడు.

"అది బొమ్మండీ."

"కవర్ స్టోరీ కదమ్మా, అలవాటు చేసుకుంటున్నా."

కొత్త తారు రోడ్డు వచ్చింది. నున్నటి తారు మీద టైరు మోత తగ్గాలి. తగ్గలేదు. తర్వాత గరుకు సిమెంటు రోడ్డు. టైరు మోతయితే పెరగాలి. పెరగలేదు. రోడ్డు ఎలా ఉన్నా మోత ఒకటే.

"టైరు కాదు," అంది పిచ్చుక తనలో తనే.

గేరు న్యూట్రల్‌లో వేసింది. ఇంజను చప్పుడు పడిపోయింది. కారు తన వేగాన తను పోతోంది, గూఁ మాత్రం అలాగే ఉంది. ఇంజనూ కాదు. చక్రమే.

ఘాట్ రోడ్డు మొదలైంది. మొదటి మలుపు ఎడమకి. మోత ఎవరో నోరు నొక్కినట్టు ఆగింది. తర్వాతి మలుపు కుడికి. గుర్రుమని లేచింది, స్టీరింగు పట్టుకున్న వేళ్ళకి కూడా తెలిసింది.

"కుడికి తిప్పితే అరుస్తోందంటే కుడి చక్రమన్నమాట," అన్నాడు ఇంజనీరు.

"అందరూ అలాగే అనుకుంటారండీ. బస్సు కుడికి తిరిగితే మీరెటు ఒరుగుతారు?"

ఇంజనీరు బొమ్మతో సహా ఊగి చూసుకున్నాడు. "ఎడమకి."

"కారూ అంతే. బరువంతా ఎడమ చక్రం మీద పడుతుంది. నలిగేది అదే, అరిచేదీ అదే. మా అన్నయ్య చెప్పాడు."

వదినకి కూడా ఆ రోజే చెప్పాడు. వదిన అప్పుడు కారు అద్దంలో పెదాల రంగు సరిచేసుకుంటోంది.

పిచ్చుక కారుని కొండ వారకి తీసి ఆపింది. ఎడమ ముందు చక్రం కింద జాకీ పెట్టి లేపింది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపింది. టక్, టక్. కదులుతోంది. ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి లోపలి స్ప్రింగు మీద ఆనించింది. ఇసక నములుతున్నట్టు గరగర వేళ్ళలోకి పాకింది. బేరింగ్ పోయింది. కొత్తదైతే ఒక్క రోజులో ఇలా పోదు.

చక్రం ఊడదీసింది. మధ్యలో పెద్ద నట్టు. అది విప్పకుండా బేరింగ్ మార్చడం ఏ మెకానిక్ వల్లా కాదు. విప్పితే కొత్త నట్టు వేసి, వదులు కాకుండా అంచుని సుత్తితో గాడిలోకి కొడతారు. ఇక్కడున్నది పాత నట్టు, పాత దెబ్బ, దాని మీద కదలని తుప్పు.

"దీన్నెవరూ ముట్టుకోలేదు," అంది.

మొదట వచ్చిన కోపం మెకానిక్ మీద. పాపం వదిన, మోసపోయింది. సాయంత్రం వెళ్ళి వాడి సంగతి చూడాలి.

"అమ్మా, ఈ పక్క నట్లు మెరుస్తున్నాయే!" కుడి పక్క నుంచి ఇంజనీరు కేక.

పిచ్చుక పరుగున వెళ్ళింది. కుడి చక్రం నట్ల మీద తాజాగా పానా గీతలు. గుండె తేలికపడింది. ఓస్, ఇంతేనా! వాళ్ళూ అందరిలాగే పొరబడి కుడి వైపుది మార్చారన్నమాట. వదిన అబద్ధం చెప్పలేదు.

ఎడమ చక్రం మళ్ళీ బిగించి, జాకీ ఇటు మార్చి, కుడి చక్రం లాగేసింది.

ఇక్కడా మధ్య నట్టు పాతదే. తుప్పు కదల్లేదు. దాని వెనక, బ్రేకుకి ఆనించి, నల్ల టేపుతో కట్టిన సబ్బుపెట్టెంత డబ్బా. డబ్బా మీద చిన్న గడియారం. ముల్లు ఎర్ర గీత పక్కకి వచ్చేసింది.

"పడుకోండి!"

టేపు గోళ్ళతో చీల్చింది. రాలేదు. పళ్ళతో కొరికింది. డబ్బా చేతిలోకి ఊడింది. దాన్ని లోయలోకి విసిరి, పిచ్చుక ఇంజనీరు మీదకి దూకింది. కొండ ఒక్కసారి దగ్గినట్టయింది. రాళ్ళు జలజల రాలాయి. లోయలోంచి పొగ లేచింది.

ఇంజనీరు బొమ్మని గుండెకి అదుముకునే ఉన్నాడు. "వైర్‌లెస్‌లో చెప్పండమ్మా! పాలు పొంగాయనో, విరిగాయనో, ఏదో ఒకటి!"

పిచ్చుక చెయ్యి బొమ్మ పొట్ట దాకా వెళ్ళి ఆగిపోయింది.

మోత బేరింగ్‌దని ఆఫీసంతా చెప్పింది వదిన. బాగుచేయించానని కారు తీసుకెళ్ళింది వదిన. మోత అలాగే ఉంచాలి, ఎందుకంటే లోయలో కారు దొరికినప్పుడు అందరూ ఒకే మాట అనాలి: పాపం, చక్రం ఊడిపోయింది. అందుకే డబ్బాని మోగుతున్న చక్రానికే కట్టించాలనుకుంది. కుడికి తిప్పితే మోగింది కాబట్టి కుడి చక్రానికి కట్టించింది.

పాపం, చక్రం ఊడిపోయింది. రెండేళ్ళ కిందటి రిపోర్టులోనూ అదే మాట.

పిచ్చుక కుడి చక్రాన్ని ఎత్తి మళ్ళీ తగిలించింది.

"వైర్‌లెస్ దగ్గర కూర్చున్నదీ, ఈ డబ్బా కట్టించిందీ మా వదినేనండీ," అంది. "పాప ఆవిడ ఒళ్ళో ఉంది."

ఇంజనీరు పానా తీసుకుని నట్లు బిగించడం మొదలుపెట్టాడు.

కొండ కింద పెట్రోల్ బంకులో ఫోను. అవతల పెద్దాయన. "బతికే ఉన్నావా! లోయలో పొగ లేచిందని ఇప్పుడే కబురొచ్చిందమ్మా. నెమలి ఒకటే ఏడుపు. పాపని మీ అత్తగారికి అప్పగించి వస్తానని రేవుకి బయల్దేరింది."

"మా అత్తగారిల్లు రేవు అవతల లేదు సార్. చెవి ఎక్కడ?"

"ఆవిడ దగ్గరే."

"పిల్ల చంకనుంటే ఎవడూ ఆపడు సార్. మీరే చెప్పారు."

రేవు దాకా ఆ కారు అరిచిన అరుపు అరవకుండా అరిచింది. కుడి మలుపుల్లో పిచ్చుక వేగం తగ్గించింది, ఎడమ చక్రం మీద బరువు పడకుండా. చక్రం ఈ ఒక్క పూట నిలిస్తే చాలు. మళ్ళీ జన్మలో దాన్ని తిట్టదు.

రేవులో లాంచీ హారన్ కొడుతోంది. పెద్దాయన మనుషులు నీలం కోటు కోసం వెతుకుతున్నారు. నీలం కోటు ఎక్కడా లేదు. క్యూ నిండా ఆడవాళ్ళు, చంకల్లో దుప్పట్లు చుట్టిన పిల్లలు. ఒక్కొక్కరినీ ఆపి దుప్పటి తీసి చూసేలోపు లాంచీ కదులుతుంది. గట్టిగా పిలిస్తే వదిన దూకినా దూకుతుంది, పాపతో సహా.

పిచ్చుక దిగలేదు. క్యూ పక్కన ఖాళీ స్థలంలోకి కారుని తోలి, స్టీరింగు కుడికి విరిచి, గుండ్రంగా తిప్పింది. ఎడమ చక్రం మీద బరువంతా పడింది. మోత రేవంతా లేచింది. జనం చెవులు మూసుకున్నారు.

"పిచ్చెక్కిందా ఈవిడకి?" అన్నారెవరో.

ఒక చుట్టు. రెండో చుట్టు. లాంచీ ఎక్కే చెక్క పలక దగ్గర, నెరిసిన జుట్టుతో, కళ్ళద్దాలతో వంగి నడుస్తున్న ముసలమ్మ. ఆమె భుజం మీది దుప్పటి కదిలింది. అందులోంచి బోసినవ్వుతో ఒక తల పైకి లేచింది.

"గూఁఁఁ!"

పిచ్చుక బ్రేకు తొక్కింది. పలక ఎత్తబోతున్న వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. ముసలమ్మ పరిగెత్తలేదు. పాపని అలాగే ఎత్తుకుని నిలబడింది.

"ఇలా ఇయ్యి వదినా."

"పాపకి ఏమీ చెయ్యలేదే." ముసలి వేషంలోంచి వదిన గొంతే వచ్చింది. "చెయ్యను కూడా."

"తెలుసు. పాలు కూడా గోరువెచ్చగానే ఉంచి ఉంటావ్."

పాప చేతులు మారింది. సంచిలో ఇస్త్రీ చేసిన గౌను, దగ్గు మందు, పాలపొడి డబ్బా అన్నీ శ్రద్ధగా సర్ది ఉన్నాయి. పాలపొడిలో చెయ్యి పెడితే తాళంచెవి తగిలింది.

"నువ్వెలా తప్పించుకున్నావ్?" అంది వదిన. ఎర్ర రంగు తుడిచినా పెదాల మీద ఇంకా కాస్త మిగిలే ఉంది.

"మోత ఆగలేదని చక్రాలు విప్పి చూశా. పైగా తప్పు చక్రానికి కట్టించావ్."

"కుడికి తిప్పితేనే కదే అరిచింది?"

"అన్నయ్య చెప్పినప్పుడు వినాల్సింది." పిచ్చుక పాపని రెండో భుజానికి మార్చుకుంది. "అన్నయ్య కారు కూడా నువ్వేనా వదినా?"

వదిన నీళ్ళ వైపు చూసింది. కాదని ఒక్క మాట అంటే పిచ్చుక నమ్మేదేమో. అనలేదు.

మనుషులు వచ్చి తీసుకెళ్ళారు. పాప ఆ వైపు చేతులు చాపి "అత్త, అత్త" అని ఏడ్చింది. పిచ్చుక ఎంత ఊరుకోబెట్టినా ఊరుకోలేదు. చివరికి ఇంజనీరు బొమ్మని తెచ్చి ఇచ్చాడు.

ఆయన్ని కంట్రోల్ రూముకి వేరే కారులో పంపారు. చీకటి పడకముందే కోడ్ మారింది. గేట్లు దిగే ఉన్నాయి. పెద్దాయన వచ్చి, తల దించుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"దీన్ని నేను బాగుచేయిస్తాలే తల్లీ."

"వద్దు సార్. ఈసారి దగ్గరుండి నేనే చేయించుకుంటా."

ఇదంతా చదివి మీ చెయ్యి ముందుగా కారు తాళాల మీదకి పోతుందేమో. చక్రం ఎక్కడికీ పోదు, రేపు చూసుకోవచ్చు. పక్క గదిలోనో పక్కింట్లోనో మీ బిడ్డ ఎవరి ఒళ్ళో నిద్రపోతోందో, ముందు ఒక్కసారి లేచి వెళ్ళి, మీ కళ్ళతో మీరే చూసి రండి.