పగటి అరుంధతి

కన్నతల్లి ప్రాణం పోతుంటే సింధూరి కంప్యూటరులో చుక్కలు చూస్తూ కూర్చుంది. భీమశంకరరావుకి ఇది తేలిపోయిన సంగతి. ఎవరో చెప్పగా విన్నది కాదు, తన కళ్లతో చూసింది. ఆ పూట మందుల సంచి పట్టుకుని ఇంట్లోకి వచ్చేసరికి పార్వతీదేవి మంచం మీద ఉంది. మంచం మీదే కంప్యూటరు ఉంది. కూతురి మొహం కంప్యూటరు వైపు ఉంది. భార్య చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. ఇంతకు మించి సాక్ష్యం అక్కర్లేదు.

అది జరిగి ఏడాది దాటింది. కిందటి వారమే సాంవత్సరికం పెట్టారు. వచ్చే గురువారం సింధూరి పెళ్లి, శ్రీముఖలింగంలో, పొద్దుటి ముహూర్తం. ఏడాదిగా ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ల మధ్య అన్నం వడ్డించనా, వడ్డించు అన్న మాటలే నడిచాయి.

ఆదివారం పొద్దున్న భీమశంకరరావు కాఫీ తాగి, తువ్వాలు భుజాన వేసుకుని, దుకాణం తాళాలు తీసుకున్నాడు. చీపురుపల్లి బజార్లో ఆయనది బెల్లం, చింతపండు టోకు వ్యాపారం. పెళ్లి పనులకని రాజాం నుంచి వచ్చిన అక్క లక్ష్మణమ్మ వసారాలో చాప వేసుకుని తలంబ్రాల బియ్యం ఏరుతోంది.

“ఒరే తమ్ముడా, బస్సు మాట్లాడేసినాం. గురువారం తెల్లారేసరికి వస్తాది. ముందు సీటు నీకే.”

“నేను రాను.”

“ఏటీ?”

“కన్యాదానం నువ్వూ బావా సేస్తన్నారు గదా. ఇంక నాతో పనేటి? ఆ రోజు నాకు దుకాణం ఉన్నాది.”

“దుకాణంలో బెల్లం దిమ్మలు పెళ్లాడతన్నాయేటి? కూతురి పెళ్లిరా, బుద్ధి ఉన్నాదా నీకు?”

“కూతురా? అదిగో, లోపలికి సూడు.”

లోపలి గదిలో కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. బల్ల మీద కంప్యూటరు. దాని ముందు సింధూరి.

“గురువారం పెళ్లి పెట్టుకుని మళ్లీ ఆ అద్దె గొట్టం ముందు కూకున్నాది. ఆ పూటా ఇలగే కూకున్నాది. తల్లి పోయినా దానికి తెలవలేదు. దాని నెత్తిన నేను అక్షింతలు ఎయ్యాలా?”

అద్దె గొట్టం అంటే టెలిస్కోపు. అది ఎక్కడో అమెరికాలో, ఎడారి కొండ మీద ఉంది. అద్దె కట్టినవాళ్లు ఇంట్లో కూర్చునే ఇంటర్నెట్ మీద దాన్ని తిప్పుకోవచ్చు. ఇక్కడ ఫలానా చుక్క కావాలని రాస్తే, అక్కడ గొట్టం అటు తిరిగి ఫొటో తీసి పంపుతుంది. సింధూరి ఊళ్లో స్కూల్లో సైన్సు చెబుతుంది. సెలవు దొరికితే అద్దె కట్టి ఫొటోలు తీసుకుంటుంది. పార్వతీదేవి ఉన్న రోజుల్లో కూతురు ఇదంతా తండ్రికి విప్పి చెప్పింది. ఆయన బుర్రకి ఎక్కలేదు. మనకి పగలైతే వాళ్లకి రాత్రి అంటారు, సరే. పొద్దున్న పూట ఇంట్లో కూర్చుని ఇంకొకళ్ల రాత్రిని అద్దెకి తెచ్చుకోవడం ఏమిటి? తక్కెట్లో వేసి చూపించలేని సరుకుని ఆయన నమ్మడు.

సింధూరి లేచి గుమ్మంలోకి వచ్చింది.

“రాకపోతే రాకు నాన్నా. కానీ ఆ పూట నేనేం సేస్తన్నానో ఒక్కసారి అడుగు.”

“అడిగేదేటి? సూసినాను గదా.”

“నువ్వు సూసింది అయిపోయాక. ముందు జరిగింది నీకు తెలీదు. అమ్మ సెప్పొద్దంది కాబట్టి ఏడాది నోరు మూసుకున్నాను.”

“పోయినదాని మీదకి తొయ్యకు!” ఆయన గొంతు లేచింది. “నోరెత్తి కాదనడానికి అదిప్పుడు లేదని తోసెయ్యకు.”

లక్ష్మణమ్మ చేతిలో బియ్యం చేతిలోనే ఉండిపోయాయి.

“ఆ పూట సుక్క సూపించమన్నది అమ్మే,” అంది సింధూరి. “అరుంధతిని.”

భీమశంకరరావు తాళాల గుత్తి మీద చెయ్యి బిగించాడు. అరుంధతి మాట ఆ ఇంట్లో ఆయనది. ఆయన పెళ్లి పట్టపగలు జరిగింది. పురోహితుడు దంపతుల్ని పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి, ఎండలో ఉత్తరం వైపు చెయ్యెత్తి, అదిగో అరుంధతి అన్నాడు. పెళ్లికొడుకు కూడా వేలు చూపించి, కనిపించిందా అని అడిగాడు. పెళ్లికూతురు తల వంచుకుని, కనిపించింది అంది. ఆనాటి నుంచి దుకాణానికి వచ్చినవాళ్లందరికీ ఆయన అదే చెప్పుకునేవాడు. మా ఆవిడ పట్టపగలు అరుంధతిని సూసింది, మీ ఆడాళ్లలో ఎవరైనా సూసినారా అని. పక్కనుంటే పార్వతీదేవి నవ్వి ఊరుకునేది.

“అమ్మకి ఆ రోజు ఏటీ కనబడలేదు నాన్నా. నువ్వు అంత నమ్మకంగా ఏలు సూపిస్తే లేదనడానికి మొహం సెల్లలేదంట. తరవాత నువ్వు ఊరందరికీ సెప్పుకుంటన్నావని ఇంక విప్పలేదంట. మంచాన పడ్డాక నన్ను పిలిచి, ‘ఒసే, నీ గొట్టంలో పగలే సుక్కలు అవుపడతాయి గదా, అరుంధతిని సూపించవే. మీ నాన్నతో ఆడిన అబద్ధం మోసుకుని పోలేను’ అంది.”

“అబద్ధం!” అన్నాడు ఆయన. ఎవరిని అన్నాడో ఆయనకే తెలియలేదు.

“పిల్ల సెప్పింది అబద్ధం కాదురా,” అంది లక్ష్మణమ్మ. నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పెళ్లిలో దాని పక్కన నిలబడింది నేనే గదా. ‘వదినా, ఎండ తప్ప ఏటీ అవుపడలేదు, మీ తమ్ముడితో అనకు’ అని సెవిలో సెప్పింది. అనలేదు.”

“ఇన్నాళ్లూనా?”

“నువ్వు ఇనే మనిషివేటి, సెప్పడానికి?”

ఆయన వసారా గోడకి చెయ్యి ఆనించాడు. కోపం ఉంది. దాన్ని ఎటు పెట్టాలో తెలియలేదు. అబద్ధమాడిన భార్య మీదా, దాచిన అక్క మీదా, ఈ కూతురి మీదా? ఏడాదిగా ఒకే చోట ఉన్న కోపం అది. ఇప్పుడు చోటు మారితే దాని బరువు ఆయనకే అందడం లేదు.

“సూసిందా?” అన్నాడు చివరికి.

“సూసింది. ‘ఓలమ్మ, ఇంత సన్నగా ఉన్నాదేటే’ అని నవ్వింది. ‘మీ నాన్నకి సెప్పకు, సిన్నబోతాడు’ అంది. కళ్లు మూసుకుంది. నిద్దరోయిందనుకున్నాను నాన్నా. లేచాక మళ్లీ సూపించొచ్చని ఆ ఫొటో దాస్తన్నాను. అప్పుడే నువ్వొచ్చినావు.”

సింధూరి ఏడవలేదు. ఏడాదిగా ఏడ్చేసి ఉంటుంది. లోపల కంప్యూటరు చిన్నగా మోగింది.

“ఇయ్యాల దేనికి మళ్లీ?” అని అడిగింది లక్ష్మణమ్మ.

“గురువారం పంతులు గారు నాకూ ఎండలోనే సూపిస్తారు అత్తా. నేను కళ్యాణ్‌తో కాపరం అబద్ధంతో మొదలెట్టకూడదు. ముందే సూసుకుందామని.”

భీమశంకరరావు చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. పార్వతీదేవి పడుకున్న మంచం మీదే కూర్చున్నాడు. సింధూరి కంప్యూటరుని ఆయన వైపు తిప్పింది. తెర నల్లగా ఉంది. నల్లటి దాంట్లో రెండు చుక్కలు ఒకదానికొకటి ఆనుకున్నట్టు ఉన్నాయి. కాస్త ఎడంగా ఇంకొకటి, కొంచెం మసకగా.

“ఏది?”

“ఆ ఆనుకున్నవి వశిష్ఠుడు.”

“రెండున్నాయి గదే.”

“ఉత్తి కంటికి ఒక్కడే. గొట్టంలో సూస్తే ఇద్దరు.”

“ఇద్దరేటి? ఇద్దర్లో అసలాయన ఎవడు?”

“ఇద్దరూ అసలే నాన్నా. ఆ ఎడంగా ఉన్నదే అరుంధతి.”

ఆయన కిటికీ వైపు చూశాడు. బయట ఎండ మండుతోంది, పక్కింటివాళ్లు వడియాలు ఆరబెడుతున్నారు. మళ్లీ తెర వైపు చూశాడు. అక్కడ రాత్రి. ఏది ఎక్కడిదో పోల్చుకోలేకపోయాడు. వేలు ఎత్తి ఆ ఎడంగా ఉన్న చుక్క మీద పెట్టాడు.

పెళ్లి రోజునా ఇదే వేలు. ఆ రోజు పురోహితుడు చెయ్యెత్తితే ఆయనా ఎత్తాడు. ఎండకి కళ్లలో నీళ్లు కారాయి తప్ప ఆయనకీ ఏమీ కనిపించలేదు. ఎక్కడ అని ఆ పిల్ల తననే అడుగుతుందేమోనని భయపడి, ముందుగా తనే కనిపించిందా అని అడిగేశాడు. ఆమె కనిపించింది అనగానే, కనిపించే ఉంటుంది, నాకే చూపు ఆనలేదు అనుకున్నాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆమె తన మాట నిజం చేసుకుని వెళ్లిపోయింది. దానికి తోడున్న పిల్లని ఆయన ఏడాదిపాటు పరాయిదానిలా చూశాడు.

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడిచినా ఆగలేదు. సింధూరి చెయ్యి ఆయన భుజం మీదకి వచ్చింది. ఆయన దాన్ని తొయ్యలేదు. క్షమించమనే మాట ఆయనకి నోరు తిరగదు. ఆ రోజూ తిరగలేదు.

“అక్కా,” అని కేకేశాడు. “ముందు సీట్లో ఎండ కొడతాది. నాకు మధ్యలో ఉంచమను.”

“అలగే లేరా,” అంది లక్ష్మణమ్మ వసారాలోంచి.

గురువారం శ్రీముఖలింగంలో తాళి కట్టడం అయ్యాక, పురోహితుడు పెళ్లివాళ్లని ఎండలోకి తీసుకొచ్చి చెయ్యెత్తాడు. కళ్యాణ్ కళ్లు చికిలించి పైకి చూశాడు. సింధూరి పైకి చూడలేదు. తండ్రి వైపు చూసింది. “సూసినాను,” అంది.

పక్కనున్న బజారు స్నేహితుడు, ఉల్లిపాయల వ్యాపారి జగన్నాధం నవ్వుతూ భీమశంకరరావు మోచెయ్యి పొడిచాడు. “మీ ఇంటి ఆడాళ్ల కళ్లే కళ్లు బావా! మా పార్వతప్ప కూడా పట్టపగలే సూసింది గదా. ఏదీ, ఆ కత మీ వియ్యంకుడికి ఒకసారి సెప్పు.”

సింధూరి అటు తిరిగింది.

“లేదు,” అన్నాడు భీమశంకరరావు. “ఆ మాట నేను ఇంక సెప్పను. నువ్వూ నా దగ్గర ఎత్తకు.”