సోమవారం వంతు

పొద్దున్నే పాలు పొంగిపోతుంటే, పొయ్యి ముందే ఉండి కూడా చూసుకోలేదు సామ్రాజ్యం. ఆవిడ చెవులు రెండూ వీధిలోనే ఉన్నాయి. మోటారు సైకిలు చప్పుడైతే చాలు, తలెత్తి గుమ్మం వైపు చూస్తోంది.

"అమ్మా, పాలు!" అంటూ కూతురు ఉదయశ్రీ పరుగున వచ్చి గ్యాసు కట్టేసింది. "మామయ్య వస్తాడులే. ఎందుకట్లా కంగారు పడతావు?"

"ఫోన్ చేశావా?"

"చేశా. మోగుతోంది, ఎత్తట్లా."

ఆ రోజు ఆవిడ భర్త భావనారాయణగారి పెద్దకర్మ. దర్శి దగ్గర ఆ ఊళ్లో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. సాగర్ కాలువ మీద లస్కరు ఆయన. తూము తలుపులు ఎత్తడం, దించడం, ఏ పొలానికి ఏ రోజు నీళ్లో ఆ వంతు తప్పకుండా చూడడం ఆయన ఉద్యోగం. కంచం ముందు కూర్చున్నవాడు కూడా, కాలువ మీద గొడవంటే చెయ్యి కడుక్కుని సైకిలెక్కేవాడు. అలాగని ఇంటిని మరిచిన మనిషి కాదండోయ్! పొద్దున్నే గట్టు మీద తిరిగొచ్చి, కూతురికి రెండు జడలు వేసి మరీ బడికి పంపేవాడు. సామ్రాజ్యానికి జ్వరమొస్తే వంటా ఆయనదే, బట్టలుతకడమూ ఆయనదే. ఎవరన్నా నవ్వితే, "నా పెళ్లాం చీర నేనుతక్కపోతే నువ్వుతుకుతావా?" అనేవాడు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యేవాడు, ఛాతీలో నొప్పంటూ ఆ కాలువ గట్టు మీదే కూలబడిపోయాడు.

చిక్కంతా ఆ వంతు దగ్గరే వచ్చింది. సామ్రాజ్యం తమ్ముడు యలమంద చేను ఎగువ తూము కింద ఉంది. ఒక ఏడాది మిరప పూత మీదుండగా వానలు ముఖం చాటేశాయి. "బావా, ఈ ఒక్క రాత్రికి తూమెత్తు" అని కాళ్లావేళ్లా పడ్డాడు యలమంద. "ఇది కిందవాళ్ల వంతురా. నీ వంతు సోమవారం" అన్నాడు భావనారాయణ. సామ్రాజ్యం కూడా ఏడ్చి అడిగింది. ఊహూఁ, కదిలితేనా! సోమవారానికి పూతంతా రాలిపోయింది. "ఇంక నీ గడప తొక్కితే ఒట్టు" అని వెళ్లిన యలమంద, బావ పోయిన రోజు కూడా వీధి చివర నిలబడి చూసి వెనక్కి తిరిగిపోయాడు.

కానీ ఇవాళ అతను రావాల్సిందే. ఈ ఇళ్లలో పెద్దకర్మ నాడు ఇల్లాలికి పుట్టింటి చీర రావాలి, కొడుక్కి తలపాగా మేనమామ చుట్టాలి. మేనమామ బతికుండగా ఆ తలపాగా ఇంకొకరు చుడితే, పుట్టిల్లు తెగిపోయినట్టే లెక్క. కబురు పంపితే యలమంద "ఊఁ" అన్నాడట. ఆ "ఊఁ" పట్టుకునే సామ్రాజ్యం పొద్దుటి నుంచీ వీధి వంక చూస్తోంది.

మధ్యాహ్నానికి షామియానా నిండిపోయింది. దిగువ పొలాల రైతులంతా పనులు మానుకుని వచ్చారు. యలమంద మాత్రం జాడ లేడు.

"అమ్మా, పొద్దు వాలుతోంది. ఇంక ఆగితే బాగుండదు" అన్నారు పంతులుగారు.

కొడుకు లక్ష్మీకాంత్ చిలకలూరిపేట స్పిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరు. తడి పంచెతో, ఆకలితో కూర్చుని కూర్చుని విసిగిపోయాడు.

"మా మామగారు చుడతారమ్మా. కానిచ్చేద్దాం."

"వద్దురా. ఇంకాసేపు చూద్దాం."

"రానివాడి కోసం ఎంతసేపమ్మా? అయినా ఆయన్నని ఏం లాభం? చేసింది నాన్న! ఊరందరికీ నీళ్లు పంచాడు, నీకు పుట్టిల్లు లేకుండా చేశాడు. ఒక్క రాత్రి తూమెత్తితే ఏం పోయేది?"

"అన్నయ్యా! అందరూ వింటున్నారు" అంది ఉదయశ్రీ.

"విననీ!"

సామ్రాజ్యం కొడుకు వైపు తిరిగింది. "ఏమీ పోయేది కాదురా. ఎవరికీ తెలిసేది కూడా కాదు. ఇదే మాట అని ఆయన్ని ఇన్నేళ్లూ దెప్పాను. ఒక్కసారి తిరిగి అనలేదు. ఇప్పుడాయనా లేడు, తమ్ముడూ రాడు. ఇంక నాకెవరున్నారురా?" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

చేసేది లేక పంతులుగారు వియ్యంకుడికి సైగ చేశారు. ఆయన లేచి పళ్లెంలోని తెల్లబట్ట చేతిలోకి తీసుకున్నాడు. సామ్రాజ్యం కళ్లు గట్టిగా మూసుకుంది.

వీధిలో బండి ఆగింది.

"ఆగండి! నేనొచ్చా!"

యలమంద! నడుం దాకా బురద. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది. చీర ఉన్న సంచిని మాత్రం బురదంటకుండా పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇప్పుడా రావడం? ఫోనన్నా ఎత్తవేందిరా?" అంది సామ్రాజ్యం ఏడుస్తూనే.

"బండి పెట్టెలో ఉండిపోయిందక్కా. పొద్దున్నే బయల్దేరా. కాలువ మీదకొచ్చేసరికి మా తూము ఎత్తేసుంది. ఇయ్యాల కిందోళ్ల వంతు గదా! వాళ్లంతా బావ కర్మకని ఇక్కడికొచ్చేశారు. లస్కరూ లేడు, కాపలా లేదని మావోళ్లు తలుపు కింద రాళ్లు పెట్టి నీళ్లు మళ్లించుకుంటున్నారు. కొట్టుకున్నంత పనైంది. దిగి రాళ్లు తీసి తలుపు దించా. నేను కదిలితే మళ్లీ ఎత్తుతారు. అందుకే కింద చేలకి నీళ్లెక్కిందాకా గట్టు మీదే కూర్చున్నా."

షామియానాలో దిగువ రైతులు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

వియ్యంకుడు తెల్లబట్ట యలమంద చేతిలో పెట్టాడు. అతను చీర సంచి అక్కకిచ్చి, కాళ్లు కడుక్కుని గడప దాటి లోపలికొచ్చాడు. లక్ష్మీకాంత్ వచ్చి అతని ముందు తల వంచి కూర్చున్నాడు. యలమంద తలపాగా చుట్టాడు. "మీ నాన్న మొండి మనిషిరా" అన్నాడు, కొసను లోపలికి దోపుతూ.

సామ్రాజ్యం కొంగుతో తమ్ముడి మోచెయ్యి తుడిచింది. "నీ మిరప కూడా ఎండిపోతోందంటున్నారు గదరా. ఎట్టాగూ తూమెత్తే ఉంది, కాసేపు నీ చేను తడుపుకునైనా దించకపోయావా?"

యలమంద అక్క మొహంలోకి చూశాడు. "ఎట్లా అక్కా? నా వంతు సోమవారం గదా."

సామ్రాజ్యం పుట్టింటి చీరను గుండెలకు హత్తుకుని, దండ వేసిన ఫొటో వైపు తిరిగింది.

"విన్నారా? మా తమ్ముడు ఏమన్నాడో విన్నారా?" అంటూ భోరుమంది.