పందొమ్మిది చుక్కలు

ఆ రోజు ఇంట్లో ఆరుగురు ఉన్నారు. మంచం మీద ముడుచుకుని పడుకున్న రూతమ్మ, ఆమె భర్త సాంసన్, అతని తల్లి మరియమ్మ, మిర్యాలగూడ నుంచి పొద్దుటి బస్సుకే దిగిన అతని చెల్లెలు ఉషారాణి, కోదాడలో సెల్‌ఫోన్ల షాపు నడుపుకునే రూతమ్మ తమ్ముడు పౌలు. ఆరో మనిషి రూతమ్మ కూతురు నీలా... కానీ నీలాను ఎవరు లెక్కలోకి తీసుకుంటారు? పదో తరగతి చదివే పిల్ల, నలుగురిలో నోరు విప్పాలంటే అరచేతులు తడిసిపోయే పిల్ల! బియ్యం బస్తా పక్కన ఒదిగి కూర్చుని, తన తల్లి గురించి అందరూ మాట్లాడుతుంటే వింటోంది.

"ఆపరేషన్ జేసి తీపియ్యాల్నా వద్దా? ఏదో ఒకటి చెప్పున్రి. సోమవారం డాక్టర్‌కు ఫోన్ చెయ్యాలె," అన్నాడు సాంసన్ తల పట్టుకుని.

హైదరాబాదు డాక్టరు అంతా వివరంగానే చెప్పాడు. రూతమ్మ పాంక్రియాస్ నిండా రాళ్లున్నాయట. రెండుసార్లు గొట్టం వేసి చూశారు, లాభం లేదు. ఇక మొత్తం తీసేయడమే. తీసేస్తే నొప్పి పోవచ్చు. కానీ ఆ క్షణం నుంచి షుగర్ వ్యాధి వచ్చేస్తుంది... బతికినన్నాళ్లూ రోజుకు నాలుగు సూదులు, తిన్నప్పుడల్లా అరుగుదల మాత్రలు!

"ఒక రోగం తీసి ఇంకో రోగం పెట్టుడా? గిదేం వైద్యం కొడుకా!" అంది మరియమ్మ. "అసలు గా పాం... గదేందో, అది కడుపుల ఏం పనిచేస్తది?"

క్లోమం! నీలాకు తెలుసు. జీవశాస్త్రం పుస్తకంలో బొమ్మ కూడా వేసింది. కానీ మాట గొంతు దాటి రాలేదు.

"నాకైతే సమజైతలేదన్నా," అంది ఉషారాణి, మంచం వైపు ఒక చూపు విసిరి. "గది తాగెటోళ్లకే చెడుతదంటరు. మా వాడకట్టుల అడుగుతున్రు, మీ వదినె కల్లు తాగుతదా అని. నేనేం చెప్పాలె?"

"మా అక్క జన్మలో చుక్క ముట్టలేదండీ!" పౌలు ముఖం ఎర్రబడింది. "తాగనివాళ్లకి కూడా వస్తుందని డాక్టరు మన ముందే చెప్పాడు కదా బావా! నెలకి ఎన్ని రోజులు నొప్పి వస్తుందని అడిగితే నువ్వేమో అప్పుడప్పుడు సార్ అన్నావు. అప్పుడప్పుడు అంటే ఎన్ని రోజులు?"

"నాకేం తెలుసు బామ్మర్దీ! లారీ మీద పోతే పది దినాలకొకపారి ఇల్లు జేరుత. నేనొచ్చినప్పుడు మంచిగనే ఉంటది..."

నీలా లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు! బడి సంచిలోంచి డైరీ తీసి తండ్రి ఒళ్లో పెట్టింది. తేదీ పక్కన ఎర్ర చుక్క ఉంటే ఆ రోజు అమ్మకు నొప్పి వచ్చినట్టు. సాంసన్ డిసెంబరు పేజీలు తిప్పుతూ వేలితో లెక్కపెట్టాడు. పది... పదిహేను... పందొమ్మిది! పందొమ్మిదో చుక్క కింద రెండు వాక్యాలున్నాయి. వాటిని పైకి చదివాడు.

'ఈ రోజు నాన్న వచ్చాడు. మూలుగు నాన్నకు వినపడకూడదని అమ్మ బాత్రూంలో నల్లా నీళ్లు విప్పి, నోట్లో కొంగు కుక్కుకుంది.'

సాంసన్ మంచం దగ్గరికి వెళ్లి నేల మీద కూలబడ్డాడు. "గీడనే ఉంటి కదనే... నల్లా సప్పుడు ఇనుకుంట అన్నం తింటి కదనే నేను!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆపరేషన్ చేయించాలన్నది ఆ ఏడుపులోనే తేలిపోయింది. ఉషారాణి కూడా తలూపింది.

కానీ రూతమ్మ భర్తను చూడటం లేదు. నీలాను చూస్తోంది. ఎవరో తన పైట లాగేసినట్టు, సిగ్గుతో చచ్చిపోతున్నట్టు చూసింది. "ఎవలు రాయమన్నరే నిన్ను?" అంది. అంతే! ఆ తరువాత ఆ డైరీ మాట తల్లి ఎత్తలేదు.

ఫిబ్రవరిలో ఆపరేషన్ అయింది. నొప్పి పోయింది... నిజంగానే పోయింది! కానీ షుగర్ మాత్రం పొద్దున మూడువందలు, సాయంత్రం అరవై. ఇన్సులిన్ ఎక్కించుకునే పెన్ను పట్టుకుంటే రూతమ్మ చెయ్యి వణికేది, కళ్లు గట్టిగా మూసుకునేది. ఆ పని నీలా మీద పడింది. సూది గుచ్చిన ప్రతిసారీ నీలాకు అదే ఆలోచన. 'నేను రాయకపోతే అమ్మకు ఈ పోట్లు ఉండేవి కావు కదా! రాయకపోతే ఆ నొప్పి ఉండేది కదా! మరి నేను చేసింది మంచా, చెడ్డా?' ఎంత ఆలోచించినా తెగేది కాదు. అమ్మను అడుగుదామంటే నోరు రాదు.

పదో తరగతి ఫలితాలు వచ్చింది శుక్రవారం నాడు. పొద్దున తల్లికి సూది వేసి, "తింటా, నువ్వు పో" అన్న మాట నమ్మి నీలా కోదాడ వెళ్లింది. పౌలు మామ ఫోనులో మార్కులు చూసుకుని, సంతోషంతో ఊరికి వచ్చి గడపలోనే నిలబడిపోయింది. రూతమ్మ గోడకు జారగిలబడి ఉంది. రవిక చెమటకు తడిసి ముద్దయింది. మాట ముద్దగా వస్తోంది. నీలా పరుగున వెళ్లి గ్లాసు నీళ్లలో చక్కెర కలిపింది. ఫలితాలు తెలుసుకుందామని అప్పుడే వచ్చిన ఉషారాణి ఆ గ్లాసు పట్టేసుకుంది.

"నీకేమన్న పిచ్చా! షుగర్ మనిషికి చక్కెర నీళ్లు తాపుతవా? సంపుతవా మీ అమ్మను?"

"ఇడువత్తా! షుగర్ తక్కువైంది, ఇడువు!"

ఆ గొంతు తనదేనా అని నీలాకే ఆశ్చర్యం వేసింది. ఉషారాణి చెయ్యి దానంతటదే వదులైంది. గుక్కగుక్కగా తాగిన పావుగంటకు రూతమ్మ కళ్లు తేటపడ్డాయి.

"ఎందుకు తినలేదమ్మా?"

"నీ రిజల్టు కోసం ఉపవాస ప్రార్థన పట్టిన బిడ్డా..." అంది నీరసంగా. "యాదికి లేదు, సూదేసుకున్న సంగతి."

ఉషారాణి కొంగుతో వదినె మెడ తుడుస్తూ, "నాకు తెల్వకపాయె వదినే... ఎక్కువైతెనే రోగమనుకున్న," అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ రోజే నీలా నిశ్చయించుకుంది. సూర్యాపేట హాస్టల్లో ఇంటర్ సీటు వచ్చినా వెళ్లకూడదు! సీటు వచ్చింది. రూతమ్మ అవునని గానీ కాదని గానీ అనకుండా పెట్టె సర్దింది. జూన్‌లో ఒక ఉదయం సాంసన్ ఆటో తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. నీలా మాత్రం చేతిలో ఇన్సులిన్ పెన్ను పట్టుకుని కదలలేదు.

"నేను పోతే నీకు సూదెవరేస్తరమ్మా? నేను రాయబట్టే కదా నీకిదంతా!"

నాలుగు నెలలుగా గుండెలో నలుగుతున్న మాట... అనేసింది!

రూతమ్మ కూతురి ముఖంలోకి చూసింది. "కోపం రాలేదంటే అబద్ధమైతది బిడ్డా. నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవనుకున్న. ఇప్పటికీ సమజైతలేదు నాకు, గది కోపమో ఏమో... కని నాలుగు నెల్లాయె, నల్లా సప్పుడు సాటున నేను ఏడ్వక."

అరుగు మీద నుంచి మరియమ్మ అందుకుంది. "వారం దినాల సంది మీయమ్మ పాత సూదులు పట్టుకోని వంకాయలకు గుచ్చుతున్నదే! ఇగ గీ ఇంట్ల కూర తినాలంటే భయమైతుంది."

రూతమ్మ నవ్వు ఆపుకుంటూ నీలా చేతిలోని పెన్ను తీసుకుంది. "ఈ పెన్ను నాది. నీ పెన్ను నువ్వు పట్టుకపో."

"ఒక్కపారి నా ముంగట ఏసుకోమ్మా, సూసి పోత..."

"వద్దు. నువ్వు సూస్తే నా చెయ్యి వణుకుతది," అని రూతమ్మ గదిలోకి వెళ్లి, కూతురి ముఖం మీదే తలుపు వేసుకుంది.